తీగ తెంచుకొన్న మరబొమ్మలు

1928వ సంవత్సరము సెప్టెంబరు మాసమున లండను నగరమందు మోడల్ ఇంజనీర్ల సంఘమువారు జరిపిన ప్రదర్శనమును ప్రారంభింపవలసిన యార్క్ డ్యూకు రాలేకపోగా, ఆయనకు మారుగా అల్యూమినియముతో చేసిన మరమనిషి యొకడు లేచి నిలిచి, సభవారికి వంగి వందనము చేసి, చేతులు కదలించుచు ప్రారంభోపన్యాసము గావించెను. ఆ మరమనిషికి ఎరిక్ అని పేరు. కెప్టెన్ విలియం రిచర్డ్స్, ఆలన్ రెఫెల్ అను నిరువురు దానిని నిర్మించిరి. ఆ సంఘము తీరిక వేళలలో చిన్న ఆవిరియంత్రములను, బొమ్మరైళ్లను తమ చేతులతో తామే చేసికొని సంతోషించు అభిరుచిపరుల సంఘమగుటచే, ఇండ్లలో పుట్టిన రోబోట్ల చరిత్రకు ఆ సభను మొదటి పుటగా గ్రహించుట అనుచితము కాదు. అయితే ఎరిక్ పాదములు ఒక పెట్టెకు బోల్టులతో బిగింపబడియుండెను. ఆ పెట్టెలో 12 వోల్టుల మోటారు ఉండెను. లేచుట, వంగుట, తల త్రిప్పుట, చేయి చాచుట, ఇవన్నియు ఎరిక్‌నకు సాధ్యములే గాని, ఆ పెట్టెను విడిచి ఒక్క యడుగు వేయుట మాత్రము సాధ్యము కాదు. తరువాత ఆ మూర్తి ఏమైనదో ఎవరికిని తెలియకుండ మాయమై, దాదాపు తొంబది యేండ్లకు, 2016లో, లండను సైన్సు మ్యూజియమువారి పూనికచే పాత ఛాయాచిత్రముల ఆధారమున మరల నిర్మింపబడెను.

మరబొమ్మల చరిత్రను చెప్పువారు సాధారణముగా దానిని బుద్ధిచరిత్రగానే చెప్పుదురు. యంత్రము ఎప్పుడు చూడ నేర్చెను, ఎప్పుడు విన నేర్చెను, ఎప్పుడు చదరంగమాడ నేర్చెను అను ప్రశ్నలు మనస్సును ఆకర్షించునవి గనుక ఆ కథనము తప్పని చెప్పలేము. కాని, తన యింటి మూలగదిలో నాలుగు చక్రములను, రెండు మోటార్లను, ఒక సర్క్యూటు బోర్డును చేర్చి కదలు ప్రాణివంటి దానిని చేయబూనిన వానికి తొలినాడే ఎదురగు చిక్కు వేరు. బల్లమీద, గోడ ప్లగ్గునుండి వచ్చిన తీగతో, అతని యంత్రము చెప్పినట్లెల్ల వినును. తీగ తీసి నేలమీద వదలిన నిమిషమునుండి వాని బాధలు ప్రారంభమగును. శక్తిని తనతో మోసికొని పోగలుగుట అనునదే రోబోట్ స్వాతంత్ర్యమునకు మూలము; ఆ స్వాతంత్ర్యమును ఇంటి శిల్పులు ఎట్లు సంపాదించిరన్న కథ బుద్ధికథవలె ప్రసిద్ధము కాకపోయినను, దానికంటె తక్కువ రసవంతము గాదని నా నమ్మకము.

చిక్కుయొక్క స్వరూపము ఇట్టిది. యంత్రము ఎక్కువసేపు తిరుగవలెనన్న పెద్ద బ్యాటరీ కావలెను. పెద్ద బ్యాటరీ బరువు మోయుటకు బలమైన మోటారు కావలెను. బలమైన మోటారు ఎక్కువ కరెంటును తినును గనుక మరింత పెద్ద బ్యాటరీ కావలెను. దూరప్రయాణమునకు బయలుదేరిన రెండెడ్ల బండి దారిలో మేత దొరకదని యెంచి బండినిండ గడ్డినే వేసికొన్నచో, ఆ గడ్డి బరువునకు ఎడ్లు మరింత తినవలసి వచ్చినట్లు, ఈ వృద్ధికి అంతము కనబడదు. ఈ చక్రమునుండి బయటపడుటకు రెండే దారులు కలవు. తూకమునకు తగినదానికంటె ఎక్కువ శక్తినిచ్చు బ్యాటరీ దొరకవలెను, లేదా ఉన్న శక్తితోనే ఎక్కువ పని చేయించుకొను నేర్పు అలవడవలెను. మొదటిది ఎల్లప్పుడును ఇతర వృత్తులవారు పెట్టిన భిక్ష. రెండవది మాత్రము ఇంటి శిల్పి స్వార్జితము. ఈ చరిత్రయందు నేను చెప్పదలచిన మాట యిదియే.

మొదటి భిక్ష సీసపు బ్యాటరీ. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంటే దానిని కనుగొనెను. 1881లో కమీల్ ఫోర్ దానిని కర్మాగారములలో చేయుటకు వీలగునట్లు సంస్కరించెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఒక నీటితొట్టిలో తీగలేకుండ నడిపి జనమును దిగ్భ్రాంతులను గావించిన చిన్న పడవలోని శక్తి బ్యాటరీలదే. అయినను నీటిమీద తేలు వస్తువునకు బరువు పెద్ద బాధ కాదు. నేలమీద నడచుదానికి అదియే ప్రాణసంకటము. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును కాడిలాక్ కారులో అమర్చిన పిమ్మట, కారున్న చోటనెల్ల ఒక సీసపు బ్యాటరీ ఉండుట నియమమాయెను. పాత బ్యాటరీలు, వానిని ఛార్జిచేయు దుకాణములు ఊరూర వెలసెను. కిలోగ్రాము బరువునకు ముప్పది నలుబది వాట్-అవర్లు మాత్రమే ఇచ్చు ఈ మొరటు సరకు అభిరుచిపరుల చేతికి చవకగా చిక్కుటకు కారణము కారు నడపువారే గాని రోబోట్లు చేయువారు కారు.

ఈ మొరటు సరకుతోనే, మిక్కిలి సూక్ష్మమైన పని చేసి చూపిన మహానుభావుడు గ్రే వాల్టర్. అమెరికాలో 1910లో జన్మించి ఇంగ్లండులో పెరిగి, బ్రిస్టల్ నగరమందలి బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూటులో మెదడుయొక్క విద్యుత్తరంగములను పరిశోధించుచుండిన ఈ శాస్త్రజ్ఞుడు, 1948–49 సంవత్సరములలో, ఎల్మర్, ఎల్సీ అను రెండు తాబేళ్లను నిర్మించెను. తాబేళ్లనగా మూడు చక్రముల బండిపై తాబేటి చిప్పవంటి మూత కప్పిన చిన్న యంత్రములు. పాత గడియారములనుండియు, గ్యాసు మీటర్లనుండియు ఊడదీసిన పండ్లచక్రములు వానిలో ఉండెనట. రెండు మోటార్లు, రెండు రిలేలు, రెండు చిన్న రేడియో వాల్వులు, ఒక కాంతిని గుర్తించు కన్ను, మూతకు ఏదైనను తగిలినచో తెలిసికొను ఒక స్పర్శ, దాని దేహమంతయు దాదాపు ఇంతియే. ముందుచక్రమే దానిని నడపును, ముందుచక్రమే దానిని మలపును. కన్ను ఆ చక్రపు ఇరుసుతోపాటు గుండ్రముగా తిరుగుచు దీపమునకై వెదకుచుండును.

ఇందు శక్తి సంగతిని కొంచెము దగ్గరగా చూడవలసియున్నది. వాల్వు పనిచేయవలెనన్న దాని లోపలి తీగ ఎఱ్ఱగా వేడెక్కవలెను. ఆ వేడికి ఒక బ్యాటరీ, ఎలక్ట్రానులను లాగుటకు ఎక్కువ వోల్టుల బ్యాటరీ మఱియొకటి కావలెను. కరెంటు రాని మన పల్లెలలో పంచాయతీ అరుగుమీద బ్యాటరీ రేడియో విన్న తరమువారికి ఈ ఏర్పాటు క్రొత్త కాదు. వార్తలు చదువు గొంతు నానాటికి సన్నగిల్లుచు, తుదకు బ్యాటరీ అయిపోయినదని తేలిన సాయంత్రములను వారు మరువజాలరు. వాల్టర్ వాల్వులకును మోటార్లకును కలిపి 6 వోల్టుల చిన్న సీసపు బ్యాటరీని, ఎక్కువ వోల్టులకు చెవిటివారి వినికిడి యంత్రములలో వాడు చిన్న బ్యాటరీని అమర్చెను. ఇక్కడను భిక్షయే: యంత్రము చిన్నదగుటకు కావలసిన ఆ సన్నని బ్యాటరీ వినికిడి యంత్రములు చేయువారి శ్రమఫలము.

కాని ఎరువు తెచ్చుకొన్న శక్తిమీద అతడు కట్టిన ఆలోచన పూర్తిగా అతనిది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు తాబేలు మందమైన వెలుతురువైపు పోవును, మిక్కుటమైన వెలుతురునుండి తొలగిపోవును. బ్యాటరీ క్షీణించినకొలది దాని కంటివెనుకనున్న సర్క్యూటు చురుకుదనము తగ్గును. తగ్గుటచే అంతవరకు దుర్భరముగా తోచిన మిక్కుటపు దీపము ఇప్పుడు ఇంపైన మందదీపముగా తోచును. అట్టి తీవ్రమైన దీపమును వాల్టర్ ఒక చిన్న గూటిలో పెట్టి, ఆ గూటిలోనే ఛార్జిచేయు కొనలను అమర్చెను. డస్సిన తాబేలు దీపమునకు ఆకర్షింపబడి గూటిలోనికి పోవును, కొనలు తగులును, మోటార్లు ఆగును, బ్యాటరీ నిండును. నిండగానే ఆ దీపము మరల దుర్భరమై, తాబేలు గూడు విడిచి వెలుపలికి వచ్చును. ఇందు ‘ఆకలియైనది’ అని లెక్కచూచు ప్రత్యేక పరికరము ఏదియును లేదు. శక్తి తగ్గుటయే సమాచారము, ఆ తగ్గుదలయే ఆజ్ఞ. బ్యాటరీయొక్క దౌర్బల్యమును దోషముగా దాచక, దానినే యంత్రముయొక్క నడవడిగా మార్చిన ఈ యుక్తికి సాటివచ్చునది తరువాతి డెబ్బదియైదేండ్లలో నాకు కనబడలేదు.

1951లో బ్రిటనులో జరిగిన మహోత్సవ ప్రదర్శనమునకు ఈ తాబేళ్లు మఱికొన్ని మరింత నాణ్యముగా తయారై వచ్చెను. వాల్టర్ తన సర్క్యూటును దాచుకొనలేదు. 1950లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వ్యాసము వ్రాసెను. 1953లో వెలువరించిన ‘ద లివింగ్ బ్రెయిన్’ అను గ్రంథముయొక్క అనుబంధమున చిత్రసహితముగా ప్రకటించెను. దేశదేశములలో దానిని చూచి తాబేళ్లను కట్టిన విద్యార్థులు, రేడియో అభిరుచిపరులు ఎందఱో కలరు. 1990లలో ఓవెన్ హాలండ్ అను ఆచార్యుడు బ్రిస్టల్ నగరమందే వానిని మరల నిర్మించి నడిపి చూపగలిగినది ఆ లిఖితముల బలముననే.

1947 డిసెంబరులో బెల్ లాబొరేటరీలలో పుట్టిన ట్రాన్సిస్టరు మెల్లమెల్లగా వాల్వు స్థానమును ఆక్రమించెను. ఎఱ్ఱగా కాలవలసిన తీగ దానికి లేదు. అందుచే యంత్రపు మెదడు తినుచుండిన కరెంటు ఒక్కసారిగా పడిపోయెను. 1960ల ప్రారంభమున అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ లాబొరేటరీవారు చేసిన యంత్రమొకటి, ఏ మహాకంప్యూటరు సాయమును లేకయే, ఆ భవనపు నడవలలో గోడవెంట తిరుగుచు, బ్యాటరీ తగ్గినప్పుడు గోడ ప్లగ్గును తానే వెదకికొని, చేయి చాచి తగిలించుకొని, కడుపునిండిన పిమ్మట తీసికొని పోవుచుండెను. ‘మృగము’ అని దానికి పెట్టిన పేరు దాని నడవడికి తగియేయున్నది.

ఆ పిమ్మట ప్రయోగశాలలు వేఱొక దారి పట్టెను. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూటువారు 1966–72 సంవత్సరముల నడుమ నిర్మించిన షేకీ అను రోబోట్ లోకప్రసిద్ధము. అది తన తోవను తాను ఆలోచించుకొని నిర్ణయించుకొనగలది. కాని ఆలోచించు కంప్యూటరు వేఱొక గదిలో ఉండి రేడియోద్వారా ఆజ్ఞలిచ్చుచుండెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములోని ‘కార్టు’ అను బండియు అట్టిదే: చిన్న సైకిలు చక్రములు, కారు బ్యాటరీ, ఒక టెలివిజను కెమెరా దానిమీద, బుద్ధియంతయు దూరముగా. 1979లో హాన్స్ మొరావెక్ దానిని కుర్చీలు నింపిన ఒక గదిలో ఎవరి సాయమును లేకుండ దాటించెను. అందుకు సుమారు అయిదు గంటలు పట్టెను. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన మన రాజ్ రెడ్డిగారు 1966లో డాక్టరేటు పొందినది ఈ స్టాన్‌ఫర్డ్‌లోనే. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూటును స్థాపించి తొలి సంచాలకులైనదియు ఆయనయే. మొరావెక్ తరువాత పనిచేసినది ఆ సంస్థలోనే. బుద్ధి విషయమున ఆ ప్రయోగశాలలు సాధించినది అపారము. కాని గదినిండు కంప్యూటరును కొనలేని ఇంటి శిల్పికి ఆ దారి మూసియే యుండెను. వానికి మిగిలిన దారి ఒక్కటే: ఉన్నదంతయు యంత్రము మీదనే మోయుట.

అట్టివారికి 1976లో డేవిడ్ హైజర్మన్ అను రచయిత పెద్ద ఉపకారము చేసెను. ఇంటిలోనే పనిచేయు రోబోట్‌ను కట్టుకొను విధమును బోధించుచు ఆయన వ్రాసిన గ్రంథములో బస్టర్ అను యంత్రము మూడు దశలలో పెరుగును. మొదట అది యజమాని చేతిలోని తీగకు కట్టుబడి నడచును. తరువాత తనంతట తాను తిరుగును. తుదకు బ్యాటరీ తగ్గినప్పుడు ఛార్జరును తానే వెదకికొనును. మైక్రోప్రాసెసరు లేకయే, సాధారణ తర్కసర్క్యూట్లతో ఇది జరుగవలెను. ఒకే యంత్రమును విడువక, పారవేయక, దశలవారిగా బాగుచేసికొనుచు పోవు పద్ధతిని నేర్పిన ఆ గ్రంథముయొక్క గుణము నాకెంతో ప్రియమైనది. అభిరుచిపరుని సహజధర్మము అదియే గదా.

అదే 1976లో కిమ్-1 అను ఒక పలక కంప్యూటరు 245 డాలర్లకు వెలువడెను. రెండేండ్లలో టాడ్ లూఫ్‌బరో అను యువకుడు దానిని ఒక బండిపై ఎక్కించి కంప్యూటరుతో నడచు రోబోట్‌ను చేయు విధమును పుస్తకముగా వ్రాసెను. మెదడు బల్లమీదినుండి బండిమీదికి ఎక్కినది ఇప్పుడే. 1982లో, పూర్వము 1947లో యుద్ధానంతరపు మిగులు సామగ్రితో ఆసిలోస్కోపు కిట్లను అమ్మి పేరుపొందిన హీత్‌కిట్ కంపెనీవారు, హీరో-1 అను రోబోట్‌ను విడిభాగముల పెట్టెగా అమ్మకమునకు పెట్టిరి. కాంతిని, ధ్వనిని, కదలికను గుర్తించి, మాటాడి, చేయిచాచి వస్తువును పట్టగల యంత్రమది. దాని మెదడునకు నాలుగు కిలోబైట్ల జ్ఞాపకము చాలెను. దాని బరువు మాత్రము 39 పౌన్లు, అనగా సుమారు పదునేడున్నర కిలోలు. మెదడు అరచేతిలో పట్టునంత చిన్నదైనను దేహమును ఒక మనిషి ఆయాసపడి ఎత్తవలసి వచ్చుటలో సీసపు బ్యాటరీల పాలు చిన్నది కాదు. ఒక నూఱేండ్ల కాలములో ఆ బ్యాటరీ పెద్దగా మారలేదు, దానిచుట్టునున్నవన్నియు మారినవి.

ఈ స్థితిలో కొందఱు ప్రశ్ననే తలక్రిందు చేసిరి. ఎక్కువ శక్తి ఎట్లు తేవలెను అని అడుగుట మాని, ఎంత తక్కువతో జీవింపవచ్చునో చూతమనిరి. ఎమ్ఐటీలో రాడ్నీ బ్రూక్స్ బృందమువారు 1980ల చివర చేసిన జెంగిస్ అను ఆరుకాళ్ల పురుగు దాదాపు ఒక కిలో బరువు మాత్రమే గలది. పండ్రెండు చిన్న మోటార్లతో, పెద్ద ఆలోచన లేకయే, గతుకుల నేలమీద నడచెను. కెనడాలో మార్క్ టిల్డెన్ మరింత దూరము పోయెను. పాడైన క్యాలిక్యులేటర్లలోని సౌరఫలకములను, పాత క్యాసెట్ ప్లేయర్లలోని మోటార్లను ఏరికొని, బ్యాటరీయే లేని చిట్టి యంత్రములను చేసెను. సౌరఫలకము ఇచ్చు స్వల్పమైన కరెంటుతో మోటారు తిరుగదు, అందుచే ఆ కరెంటు ఒక కెపాసిటరులో చుక్కచుక్కగా చేరుచుండును, నిర్ణీతమైన వోల్టేజి చేరగానే రెండు మూడు ట్రాన్సిస్టర్ల సర్క్యూటు తలుపు తెరచును, నిలువయంతయు ఒక్కుమ్మడి మోటారులోనికి పోయి యంత్రము ఒక అంగుళము జరుగును, మరల నిరీక్షణ. ఎండలో కిటికీ గట్టుమీద పెట్టినచో అట్లు పగలెల్ల జరుగుచునే యుండును. ఇట్టి యంత్రమునకు పోర్టబిలిటీ ఒక సమస్యయే కాదు, చొక్కాజేబులో పెట్టుకొనవచ్చును.

ఇంతలో మఱియొక భిక్ష వచ్చి చేరెను. ఇది అన్నిటికంటె పెద్దది. నికెల్-కాడ్మియం బ్యాటరీని స్వీడనులో వాల్డెమార్ యుంగ్నర్ 1899లోనే కనుగొనగా, 1961లో తీగలేని డ్రిల్లు యంత్రము వెలువడి దానికి ఇంటింట ప్రచారము తెచ్చెను. బొమ్మకార్లు నడపువారిద్వారా అది రోబోట్లకు సంక్రమించెను. 1991లో సోనీవారు లిథియం-అయాన్ బ్యాటరీని విపణికి తెచ్చిరి. చేతిలో పట్టు వీడియో కెమెరాను తేలిక చేయుటయే వారి తొలి తలంపు. ఆ బ్యాటరీకి పునాదులు వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. కెమెరాలనుండి ల్యాప్‌టాపులకు, ల్యాప్‌టాపులనుండి సెల్‌ఫోన్లకు, వానినుండి డ్రోనులకు పాకిన ఆ శక్తి, పాత ల్యాప్‌టాపు బ్యాటరీని విప్పి లోపలి సెల్లులను మీటరుతో పరీక్షించి ఏరుకొన్న విద్యార్థిచేతికి తుదకు చేరెను.

దీనిచే కలిగిన మార్పెంతో ఒక లెక్క చూచిన తెలియును. మన ఊళ్లలో రోబోట్ చేయబూనిన కళాశాల విద్యార్థులు చిరకాలము ఆశ్రయించినది కంప్యూటరు ప్రక్కనుండు యూపీఎస్‌లోని 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ. దాని బరువు రెండు కిలోలకు పైమాట. అందులోని శక్తి కాగితముమీద 84 వాట్-అవర్లు. కాగితముమీద అనుటకు కారణము కలదు: ఆ 7 అను సంఖ్య ఇరువది గంటలపాటు మెల్లమెల్లగా తీసికొన్నప్పటి లెక్క; రోబోట్ వలె ఒక గంటలోనే లాగినచో సుమారు మూడవవంతు దొరకకయే పోవును. పదునెనిమిది మిల్లీమీటర్ల వ్యాసము, అరువదియైదు మిల్లీమీటర్ల పొడవు గల లిథియం సెల్లు ఒక్కొక్కటి యాబది గ్రాములకంటె తక్కువ బరువుతో పదింటికి పైగా వాట్-అవర్లు ఇయ్యగలదు. అట్టివి ఎనిమిది చేర్చినచో సీసపు బ్యాటరీ కాగితముమీద చూపిన శక్తియంతయు నాలుగువందల గ్రాములలోపున చేతికి వచ్చును. తగ్గిన కిలోన్నరకు పైబడిన బరువునకు తగినట్లు చట్రము సన్నమగును, మోటారు చిన్నదగును, ఆ మోటారు తినునది తగ్గును. బండి నిండిన గడ్డి కథ ఇప్పుడు వెనుకకు నడచును.

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ విడిభాగముల దుకాణములముందు నిలుచుండు పిల్లలలో చాలమంది అడుగునది ఇంతకంటె పెద్ద బ్యాటరీ ఉన్నదా అనియే. ఆ ప్రశ్నకు ముందు అడుగవలసినది మఱియొకటి కలదు: ఉన్న బ్యాటరీలోని శక్తి ఎక్కడికి పోవుచున్నది? చాల ఇంటి రోబోట్లలో మోటార్లను ఎల్298 అను పాత డ్రైవరు చిప్పు నడపుచుండును. చవక, గట్టిది, ఎక్కడనైనను దొరకును. దానిని నిందించుట న్యాయము కాదు. కాని ఒక ఆంపియరు కరెంటు పారునప్పుడు అది తనలోనే 1.8 మొదలు 3.2 వోల్టులవరకు మింగివేయును. ఆరు వోల్టుల బ్యాటరీ పెట్టినవాని మోటారునకు చేరునది నాలుగు వోల్టులో అంతకంటె తక్కువయో మాత్రమే. మిగిలినది ఆ చిప్పు వీపునకు తగిలించిన అల్యూమినియపు రేకును వేడిచేయుటకు ఖర్చగును. అట్లే 12 వోల్టులను 5 వోల్టులకు దించుటకు వాడు 7805 రెగ్యులేటరు, అరఆంపియరు మెదడునకు పంపుటకై, రెండున్నర వాట్ల పని చేయించి మూడున్నర వాట్లు వేడిగా పారవేయును. వ్రేలు పెట్టినచో చుఱ్ఱుమనును. ఈ రెంటి స్థానమున మాస్‌ఫెట్ డ్రైవరును, స్విచ్చింగ్ పద్ధతిని వోల్టేజి దించు చిన్న బక్ కన్వర్టరును అమర్చినచో, బ్యాటరీని ముట్టకయే యంత్రపు ఆయువు పెరుగును. బ్యాటరీ మార్చుటకంటె ముందుగా ఈ మార్పు చేయవలెనని నా నిశ్చితాభిప్రాయము.

ఇంకొక చిక్కును క్రొత్తవారందఱును ఎదుర్కొందురు. రోబోట్‌ను నేలమీద వదలగానే ఒక్కసారి ముందుకు ఉఱుకును, ఆగును, బోర్డుమీది దీపము ఆరి వెలుగును, మరల ఉఱుకును, మరల ఆగును. ప్రోగ్రాములో తప్పు వెదకుచు రాత్రులు గడపినవారు కలరు. తప్పు ప్రోగ్రాములో లేదు. నిలిచియున్న మోటారు కదలబోవు క్షణమున మామూలుకంటె ఎన్నో రెట్లు కరెంటు లాగును. ఆ లాగుడుకు బ్యాటరీ వోల్టేజి కుంగును. కుంగిన వోల్టేజితో మెదడు స్పృహతప్పి మొదటినుండి మొదలుపెట్టును. మెదడునకు వేఱుగా చిన్న బ్యాటరీ పెట్టుట, పెద్ద కెపాసిటరు చేర్చుట, లేదా మోటారును ఒక్కుమ్మడి గాక మెల్లగా వేగమునకు తెచ్చుట, ఈ మూడును అనుభవము నేర్పిన మందులు. మూడవదానికి ఒక్క రూపాయియు ఖర్చు లేదు.

2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణమున పుట్టిన ఆర్డుయినో, 2012లో ఇంగ్లండునుండి వచ్చిన ‘రాస్ప్‌బెరీ పై’ అను చిన్న బోర్డులు మెదడు సమస్యను దాదాపు తీర్చివేసినవి. 2002 మొదలు ఏటేట జరుగుచున్న ఏబీయూ రోబోకాన్ పోటీలకై మన ఇంజనీరింగు కళాశాలలవారు కారు వైపర్ మోటార్లతోను, సైకిలు గొలుసులతోను, అల్యూమినియపు గొట్టములతోను యంత్రములు కట్టుచు వచ్చిరి. ఇప్పుడు పాఠశాలల అటల్ టింకరింగ్ ల్యాబులలో పండ్రెండేండ్ల పిల్లలు ఆ పనికి దిగుచున్నారు. ఇల్లూడ్చు యంత్రము బ్యాటరీ తగ్గగానే గోడప్రక్కనున్న తన గూటికి తానే పోయి ఛార్జి పెట్టుకొనుట చూచి వింతపడు గృహస్థులకు, ఆ గూటిని బ్రిస్టల్‌లో ఒక వైద్యపరిశోధకుడు రెండు వాల్వులతో ముందే కట్టి చూపెనని తెలిసినవారు చెప్పవలెను; అభిరుచిపరుల పనికి దక్కవలసిన గౌరవము ఇంకను దక్కలేదు.

లిథియం సెల్లు ఉపకారమెంత చేయునో అపకారమును అంత చేయగలదు. 4.2 వోల్టులకు మించి నింపినను, రెండున్నరకు క్రిందుగా పిండినను, ఉబ్బినదానిని వాడినను అగ్నిప్రమాదము తప్పదన్నంత భయము ఉంచుకొనవలెను. పాత ల్యాప్‌టాపు సెల్లులను ఏరి వాడు పిల్లలు రక్షణ సర్క్యూటు లేకుండ ఛార్జి పెట్టరాదు, పెట్టి నిద్రపోరాదు, పాడైనవానిని చెత్తబుట్టలో వేయక ఈ-వేస్టు సేకరించువారికి ఇయ్యవలెను. పొదుపు ఎంత చెప్పినను ఇక్కడ మాత్రము పొదుపు పనికిరాదు; మంచి ఛార్జరుకు సొమ్ము వెచ్చింపుడు.

ఇక ఈ పని చేయుచున్న తెలుగు పిల్లలకును, వారికి గదిలో ఒక మూల విడిచియిచ్చిన తల్లిదండ్రులకును, వారి ఉపాధ్యాయులకును నా విన్నపమొకటి. ఏ భాగమును మార్చుటకు ముందైనను మల్టీమీటరును బ్యాటరీ తీగలో చేర్చి, యంత్రము నిలిచినప్పుడు ఎంత, నడచినప్పుడు ఎంత, గోడకు తగిలి ఆగినప్పుడు ఎంత కరెంటు తినుచున్నదో కొలువుడు. మార్చిన పిమ్మట మరల కొలువుడు. యంత్రము బరువును, అది తిరిగిన నిమిషములను, సర్క్యూటు బొమ్మను ఒక నోటుపుస్తకములో తేదీ వేసి తెలుగులో వ్రాసి, మీ పాఠశాల గ్రంథాలయములో ఒక ప్రతి ఉంచుడు.